వంతు తప్పిన రూపాయి

మా పాలకొల్లులో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాదులో దిగొచ్చు. అంత దగ్గర ఊరికి వెళ్ళడానికి నాకు యాభై రెండేళ్ళు పట్టింది. మా నాన్న సూర్యనారాయణ అక్కడి రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా పనిచేశాడు. మంచం దిగలేని నాయనమ్మ, ఆమెను వదిలి రాలేని అమ్మ, నా బడి, అన్నీ కలిసి మమ్మల్ని పాలకొల్లులోనే ఉంచేశాయి. నాన్న నెలకోసారి వచ్చి వెళ్ళేవాడు. ఆయన పాసు మీద తిరుపతి చూశాం, కాశీ చూశాం. సికింద్రాబాదు మాత్రం చూడలేదు. ఎప్పుడడిగినా అమ్మ, "ఆ ఊళ్ళో ఏముందే, మీ నాన్న తప్ప" అనేది.

ఈ జూన్‌లో వెళ్ళాను, నాన్న పోయిన పన్నెండేళ్ళకి. చేతిసంచీలో ఆయన నాణేల డబ్బా ఉంది. పాత వెండి రూపాయలు పోగెయ్యడం ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం. డబ్బాలో మొత్తం ఇరవై ఒకటి. అందులో ఇరవై తళతళా మెరుస్తుంటాయి. ఏటా శ్రావణ శుక్రవారానికి అమ్మ వాటిని చింతపండు పెట్టి తోమి, పసుపు కుంకుమ అద్ది, అమ్మవారి ముందు పెట్టేది. ఇరవై ఒకటోది నల్లగా, పాత కాగితంలో చుట్టి ఉంటుంది. అమ్మ చెయ్యి దాని మీద పడనివ్వలేదు నాన్న.

పడనివ్వకపోవడం అంటే ఎలాగో చెప్పాలి. రిటైరై సామానుతో ఇంటికొచ్చిన పది రోజులకే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. నాలుక మీద మిగిలినవి నాలుగే. "నీళ్ళు", "చాలు", అమ్మ పేరు, "మనది కాదు". ఆ చివరిది నాణేల డబ్బా కనబడితే చాలు, వచ్చేసేది. కాగితం చుట్టిన రూపాయిని చూపించి, "మనది కాదు, మనది కాదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. అలా ఆరేళ్ళు బతికాడు. అమ్మ ఒకరోజు గొంతు తగ్గించి నాతో అంది, "ఎవరిదో ఎత్తుకొచ్చేశాడే. లేకపోతే అంత బాధెందుకు?"

ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. నేను జాకెట్లు కుట్టి బతికేదాన్ని. కస్టమరు గుడ్డలో జానెడు మిగిలినా మడిచి, జాకెట్టుకే పిన్నీసు పెట్టి ఇచ్చేస్తాను. ఆ అలవాటు నేర్పింది నాన్నే. అలాంటి మనిషి దొంగ అంటే నమ్మలేను. కాదనడానికి నా దగ్గర రుజువూ లేదు. పైకి చెప్పిన కారణం వేరే: నాణేలమ్మి పీకో మిషను కొనుక్కుంటానని. లోపలి కారణం మాత్రం ఇదే.

మెట్టుగూడ

స్టేషను దగ్గర లాడ్జిలో సంచీ పడేసి ముందుగా మెట్టుగూడ వెళ్ళాను. ఆకలేసి ఒక బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. ప్లేటు నలభై, మా ఊళ్ళో ఇరవై ఐదు. పల్లీ చట్నీ పలచగా చేసి, ఇడ్లీ మునిగేలా పోశాడు. మా వైపు చట్నీ పక్కన కూర్చుంటుంది, ఇక్కడ ఇడ్లీ చట్నీలో ఈతకొడుతుంది. అల్లప్పచ్చడి ఉందా అని అడిగితే, "ఆంధ్రానుంచా మేడం?" అని నవ్వాడు. రెండోసారి చట్నీ అడగకుండానే పోశాడు గనుక నలభై గురించి ఇంకేమీ అనను.

నాన్న ఉన్న క్వార్టర్ల వరసలో సగానికి తాళాలున్నాయి. కొన్నిటికి తలుపులే లేవు. బట్టలారేస్తున్న ఒకావిడను అడిగితే, "గీ లైన్ల గోదావరోల్లు చానమంది ఉండెటోల్లమ్మా. అందరు రిటైరై పోయిన్రు. మీ నాయిన నంబరెంత?" అంది. చెప్పాను. గోడ కూలిన ఒక గది చూపించింది. పదడుగుల గది. ఒక గూడు, గోడకి మూడు మేకులు. ముప్పై ఏళ్ళు మా ఇంటికి డబ్బు పంపిన మనిషి, బట్టలు తగిలించుకోడానికి మూడు మేకులతో సరిపెట్టుకున్నాడు. అక్కడ నిలబడి ఏడ్చాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

నాణేల మేళా

నాణేలు అమ్మడానికి నేను ఎంచుకున్న మేళా ఒక ఫంక్షను హాల్లో పెట్టారు. ముందురోజు పెళ్ళి జరిగినట్టుంది, గుమ్మానికి బంతిపూలు ఇంకా వేలాడుతున్నాయి. లోపల వరసగా బల్లలు, బల్లలకి అటు భూతద్దాలు, ఇటు బేరాలు. ప్రతివాడూ తన నాణెం నిజాం గారి ఖజానా నుంచి వచ్చిందనే చెబుతున్నాడు. అన్ని నాణేలు ఆయన ఒక్కడి దగ్గరే ఉంటే అప్పట్లో జనం దేంతో సరుకులు కొన్నారో నాకైతే అర్థం కాలేదు.

మెడలో భూతద్దం వేలాడేసుకున్న ఒక పెద్దమనిషి దగ్గర జనం తక్కువగా ఉన్నారు. పేరు జగదీశ్వర్ అని చెప్పాడు. డబ్బా తెరిచి ఇరవై రూపాయలు చూడగానే కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, గివి ఎవలు కడిగిన్రు?"

"మా అమ్మండి. చింతపండుతో."

"చింతపండా! మీ అమ్మగారికి దండం. పాత సిక్కాకు నూరేండ్ల రంగు ఉంటది, అదే దాని సొమ్ము. కడిగితే పాయె. గిప్పుడు గివి సిక్కాలు గావు, ఒట్టి వెండి."

అక్కడి నుంచే అమ్మకు ఫోను చేశాను. అమ్మకు కోపం వచ్చింది. "తోమితే తప్పేంటే? మురికోడుతుంటే ధరొస్తుందా ఎక్కడైనా? ఆయనెవరో బొత్తిగా ఇంట్లో గిన్నె తోమిన మనిషి కాదు!" ఫోను స్పీకరులో ఉందని నాకు తరవాత తెలిసింది. జగదీశ్వర్ గారు నవ్వి, "గది నిజమే" అన్నాడు. వెండి ధర మండిపోతోంది కాబట్టి ఆ ఇరవైకీ కలిపి ఇరవై నాలుగు వేలిచ్చాడు. సెకండ్ హ్యాండు పీకో మిషను వచ్చేస్తుంది. పైకి చెప్పిన పని గంటలో అయిపోయింది.

తరవాత కాగితం పొట్లం తీశాను. చార్మినారు బొమ్మ ఉన్న నిజాం కాలపు రూపాయి. ఆయన అంచులు పట్టుకుని వెలుగులో తిప్పాడు. "గిది ఎవలు ముట్టలే. మీ ఇంట్ల గిదొక్కటే బతికింది" అన్నాడు. కాగితం విప్పి చూసి నిటారుగా కూర్చున్నాడు.

"గిది ఖాజా సాబ్ చిట్టీ!"

ఖాజా సాబ్ ఎవరో అప్పుడు చెప్పాడు. బోయిగూడలో గడియారాలు బాగుచేసేవాడు. జంటనగరాల్లో నాణేలు పోగేసేవాళ్ళలో ఆయన్ని తెలియనివాడు లేడు. ఏ నాణెం ఎవరి నుంచి ఎవరికి చేరిందో చిట్టీ మీద రాసి నాణెంతోపాటే ఉంచేవాడు. చేతులు మారినప్పుడల్లా కింద ఇంకో వరస రాయాలి, పైది చింపకూడదు. అది ఆయన పెట్టిన కట్టుబాటు.

"దాంతో ధర మారుతుందాండీ? నాణెం అదే కదా?" అన్నాను.

"మీ గోదావర్ల ఆవకాయ కొంటరనుకో. బజార్ల సీసా ఒక ధర. ఫలానా పెద్దమ్మ చేతిదంటే ఇంకో ధర. గంతే. గీ హాల్ల అందరు నిజాం కత చెప్తున్రు గదా, కతకు కాయితం గావాలె. ఒట్టి సిక్కా పది వేలు. ఖాజా సాబ్ చేతిదని కాయితముంటే ముప్పై సుత పోతది."

ఆయన వేలు చిట్టీ మీద కిందికి జరిగింది. పద్నాలుగు వరసలున్నాయి. 'మిరుగం, ఖాజా' అని ఒక సంవత్సరం. 'మృగశిర, సూ.నా.' అని మరుసటి సంవత్సరం. మళ్ళీ ఖాజా, మళ్ళీ సూ.నా. ఆ రెండో చేతిరాత నాన్నది. ఇంట్లో ఎన్నిసార్లు చూసినా అవేమిటో నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది, ఆ రూపాయి పద్నాలుగేళ్ళు ఇద్దరి మధ్య అటూ ఇటూ తిరిగింది. ఆఖరి వరస నాన్నది.

"దీని కింద ఖాజా సాబ్ పేరు రావాలె. రాలే" అని ఆయన గొంతు తగ్గించాడు. "ఎవరో రైల్వే ఆయన ఖాజా సాబ్ సిక్కా వట్కపోయి మల్ల రాలేదని మా అందరికి ఎర్కె. గిదేనేమో అది."

ఒప్పుకోకుండా లేచి వెళ్ళిపోవచ్చు. కానీ నోరు ఊరుకోలేదు. "ఆ రైల్వే ఆయన మా నాన్నండీ" అన్నాను.

పాపం, ఆయన ముఖం చిన్నబోయింది. ఒక కుర్చీ లాగి, టీ చెప్పాడు. "మాఫ్ చెయ్యండమ్మా, తెల్వక అన్న. ఖాజా సాబ్ లేడు, తొమ్మిదేండ్లాయె. ఇంటోల్లు 'మాకు దీంట్ల ఏం లేదు' అని రాసిస్తే ముప్పై వేలకు నేనే తీస్కుంట. లేకుంటే మాత్రం నేను ముట్ట. తగాదా ఉన్న సిక్కా ఎంత మంచిదైనా మాకొద్దు."

బయటికొస్తుంటే పక్క బల్ల ఆయన వెనకే వచ్చాడు. "చిట్టీ చింపెయ్యండి మేడం, పదివేలు ఇప్పుడే ఇస్తా. సిక్కాకు నోరుంటదా?" అన్నాడు. పదివేలు చిన్న డబ్బు కాదు. చిట్టీ లేకపోతే నాన్నను ఎవరూ ఏమీ అనలేరు కూడా. అయినా ఆ కాగితం మీద ఉన్నది నాన్న చేతిరాత. మా ఇంట్లో ఆయన రాసిన కాగితం ఇంకొకటి లేదు. సంచీ జిప్పు వేసుకుని వచ్చేశాను.

బోయిగూడ

మరునాడు బోయిగూడ. ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు పక్కకి తిరిగి నిలబడాల్సిన సందులు. ఖాజా సాబ్ దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. పక్కనే బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తున్న యాదగిరి అనే ముసలాయన మాత్రం పాతవాడే. నలభై ఏళ్ళుగా అదే అరుగు. చీర ఇస్త్రీకి ఇరవై ఐదంట. మా ఊళ్ళో పదిహేనుకే చేస్తారని నోరు జారాను. "అయితె పాలకొల్లుకే పంపియ్యి" అన్నాడు తల ఎత్తకుండా.

ఖాజా సాబ్ పేరు చెప్పేసరికి మాత్రం పెట్టె పక్కన పెట్టాడు.

"మంచోడమ్మా. పైసలు లేవంటే గడియారం ముందు నడిపిచ్చి, పైసలు తర్వాత అడిగెటోడు. కని ఆయనకొక పిచ్చి ఉండె. ప్రతి మిరుగం నాడు దుకాణం జల్దీ బందువెట్టి చేపలు కొనెటోడు. 'దోస్తు వస్తడు యాదగిరీ' అనెటోడు. మొదట్ల ఎవరో వచ్చెటోడు, రైల్వే డ్రెస్సు. తర్వాత రాలే. అయినా గదే ముచ్చట, 'దోస్తు వస్తడు'. సచ్చిపోయిన ఏడు సుత కొన్నడు."

మిరుగం అంటే మృగశిర కార్తె మొదటి రోజు. మా వైపు ఆ రోజు ఆకాశం వైపు చూస్తాం, వాన ఎప్పుడా అని. ఇక్కడ చేపల బుట్ట వైపు చూస్తారు. "మిరుగం నాడు చేప తినకుంటే ఏడాదంత దగ్గు, దమ్ము" అన్నాడు యాదగిరి. చేప తిననివాళ్ళు బెల్లంలో ఇంగువ కలుపుకుని మింగుతారట. మాకు చేప అంటే పులస, అదీ గోదారికి ఎర్రనీరొచ్చాక. కార్తెని బట్టి చేప తినడం నేనక్కడే విన్నాను.

"మిరుగం ఎప్పుడొస్తుందండీ?" అని అడిగాను.

"రేపే గదా!" అన్నాడు.

ఖాజా సాబ్ ఒక్కగానొక్క కూతురు షమీమ్, బడిపంతులుగా చేసి రిటైరై తిరుమలగిరిలో ఉంటోందని చెప్పాడు. ఇల్లు గుర్తులు కూడా చెప్పాడు. చెప్పి, "ఆమెకు జెర గుస్సా ఎక్కువ. జాగ్రత్తగ మాట్లాడు" అన్నాడు. నాకూ ఎక్కువే, ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఆ రోజంతా నాకు ఒకటే ఆలోచన. నాన్న ఎత్తుకొచ్చాడో లేదో ఆ ఇంట్లో తెలిసిపోతుంది. తెలుసుకోకుండా బండెక్కేస్తే అనుమానం ఒక్కటే మిగులుతుంది. తెలుసుకుంటే, అది నిజమైతే, ఆ నిజంతో అమ్మ ముఖం ఎలా చూడను? పేరుకి ధైర్యస్తురాలినే. ఆ పూట మాత్రం రెండుసార్లు బట్టలు సర్దేశాను, రెండుసార్లు మళ్ళీ తీశాను.

తిరుమలగిరి దారి

మిరుగం నాడు ఉత్త చేతులతో ఎలా వెళ్తానని చేపల మార్కెట్టుకి వెళ్ళాను. ఊరు ఊరంతా అక్కడే ఉంది. కొర్రమీను మామూలు రోజు ధరకి ఆ రోజు రెట్టింపు. గోదావరి మనిషిని, చేప ఎంచడం నాకు నేర్పేదెవరని, బతికున్న కొర్రమీనుని ఎంచి కోయించకుండా సంచీలో వేయించుకున్నాను. తప్పు అక్కడే జరిగింది. కంటోన్మెంటు రోడ్డు ఎక్కగానే వాన అందుకుంది. ఆ చినుకులకి చేపకు ప్రాణం లేచొచ్చినట్టుంది, సంచీ చించుకుని ఆటోలో గంతులు మొదలెట్టింది. దాన్ని పట్టుకోబోయి నా చేతిసంచీ నీళ్ళలో పడేశాను.

"అమ్మా, ఏందమ్మా గిది! నా బండ్ల చేపల చెరువు వెట్టినవ్!" అని డ్రైవరు ఆటో ఆపాడు. ఇద్దరం కలిసి చేపను పట్టాం. నేను చిట్టీ తీసి చూసుకుంటే ఒక మూల తడిసి, ఆఖరి వరసలో 'సూ' కాస్త అలుక్కుపోయింది. నా ఏడుపు ముఖం చూసి అతను, "అంత ముఖ్యమైన కాయితమా?" అన్నాడు. "మా నాన్న రాసిందయ్యా" అన్నాను. తన లైసెన్సు తీసి జేబులో పెట్టుకుని, అది ఉన్న ప్లాస్టిక్ కవరు నాకిచ్చాడు. చిట్టీ అందులో పెట్టాను.

ఆ హడావుడిలో ఒక మలుపు తప్పి మిలిటరీ గేటు ముందుకు వెళ్ళాం. తుపాకీ పట్టుకున్న జవాను సంచీలో కదులుతున్నదేమిటని అడిగాడు. చేప తల బయటికి పెట్టింది. నవ్వాపుకుని వెనక్కి తిప్పుకోమన్నాడు. ఆటోకి నూట అరవై అయింది. రెండు వందలిస్తే నలభై తిరిగిచ్చేశాడు. కవరు ఖరీదు తీసుకోమన్నా వినలేదు.

షమీమ్ ఇంట్లో

తలుపు తీసినావిడకు అరవై దాకా ఉంటాయి. కళ్ళజోడు మీదుగా చూసింది. తడిసిన చీర, చేతిలో ఎగురుతున్న చేప.

"ఎవలు గావాలె?"

"షమీమ్ గారండి. నేను పాలకొల్లు నుంచి వచ్చాను. సూర్యనారాయణ గారి అమ్మాయిని."

"రైల్వే సూర్యనారాయణా?"

"అవునండి."

తలుపు మీది చెయ్యి తియ్యలేదు. "పద్దెనిమిదేండ్లకు తీరిందా?" అంది.

ప్లాస్టిక్ కవరు, రూపాయి, రెండూ ఆమె చేతిలో పెట్టాను. ఆమె చిట్టీ పైనుంచి కిందికి చదివింది. పక్కకి జరిగి, "లోపలికి రా. చేపను బకీట్ల వెయ్యి" అంది.

కథంతా ఆమే చెప్పింది. ఒక కంసాలి పాత వెండి కరిగిస్తుంటే, మూసలో పడబోతున్న ఆ రూపాయి మీద నాన్న చెయ్యి, ఖాజా సాబ్ చెయ్యి ఒకేసారి పడ్డాయట. ఇద్దరికీ అప్పటిదాకా పరిచయం లేదు. ఇద్దరూ వదల్లేదు. చివరికి చెరిసగం వేసుకుని కొన్నారు. "సిక్కాను సగం కొయ్యరాదు గదా. అందుకే వంతు వెట్టుకున్నరు. ఒక ఏడు మా అబ్బాజాన్ కాడ, ఒక ఏడు మీ నాయిన కాడ. మిరుగం నాడు మా ఇంట్ల చేపల కూర తిని, చిట్టీ మీద రాసి చేతులు మార్చుకునేది. కొన్నది మిరుగం నాడే."

నాన్న రిటైరైన ఏడు వంతు నాన్నది. మిరుగానికి తిరిగొచ్చి ఇస్తానని చెప్పి సామానుతోపాటు ఊరికి తెచ్చుకున్నాడు. ఖాజా సాబ్ దగ్గర మా ఊరి చిరునామా లేదు. క్వార్టరుకి రాసిన ఉత్తరాలు తిరిగొచ్చాయి. సెల్‌ఫోన్లు ఇద్దరికీ లేవు.

అప్పుడు నేను చెప్పాను. మిరుగానికి నాలుగు రోజుల ముందు నాన్న పడిపోయిన సంగతి, మిగిలిన నాలుగు మాటల సంగతి, 'మనది కాదు' సంగతి. "ఇది మన వంతు కాదు, ఖాజాకి ఇచ్చెయ్యండి అని చెప్పాడక్కా ఆరేళ్ళూ. మాకర్థం కాలేదు. దొంగతనం చేశాడనుకున్నాం" అన్నాను.

షమీమ్ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను సుత గట్లనే అనుకున్న చెల్లె. అబ్బాజాన్ ఆఖరి మిరుగం నాడు చేపలు తెచ్చిండు. 'దొంగ కోసం నేను వండ' అని బుట్ట అట్లనే పక్కన వెట్టిన. ఆయన 'అమానత్ బేటా, నమ్మి ఇచ్చిన సొమ్ము యాడికి పోదు, వస్తడు' అన్నడు. ఆ చేపలు పాడైపోయినయ్. తొమ్మిదేండ్లాయె, ఆ బుట్ట నా కండ్లల్లకెళ్ళి పోలే."

ఇద్దరు కూతుళ్ళం, ఒకే మనిషిని దొంగ అనుకున్నాం. ఆ మనిషిని నమ్మింది ఖాజా సాబ్ ఒక్కడే. ఆ క్షణంలో నాకు దుఃఖం వచ్చింది, సంతోషం కూడా వచ్చింది. నాన్న దొంగ కాదు. ఆ మాట గట్టిగా పైకే అన్నాను. ఆమె తల ఊపింది.

తరవాత లోపలికి వెళ్ళి పాత గడియారం పెట్టె తెచ్చింది. అందులో ఇంకో చిట్టీ ఉంది. పాతదాని అడుగున చోటు అయిపోతుందని ఖాజా సాబ్ ముందే కొత్తది సిద్ధం చేసి పెట్టుకున్నాడు. పైన ఒకే వరస, గుండ్రటి తెలుగు అక్షరాల్లో: 'మిరుగం, సూర్యనారాయణ చేతుల నుంచి ఖాజాకు.' పక్కన సంవత్సరం రాసే చోటు మాత్రం ఖాళీగా వదిలాడు.

షమీమ్ పెన్ను తీసుకుని ఆ ఖాళీలో ఈ ఏడాది వేసింది. బడిపంతులు కదా, అంకెలు ముత్యాల్లా ఉన్నాయి.

మేళా సంగతి, ముప్పై వేల సంగతి దాచకుండా చెప్పేశాను. "పైసలు అవసరముంటే చెప్పు, అమ్ముదాం. చెరిసగం" అంది. పీకో మిషను డబ్బు మిగతా ఇరవై నాణేలకే వచ్చేసిందన్నాను. ఈ ఒక్కటీ ఆమె చేతిలో చూశాక అమ్మబుద్ధి కాలేదు.

"మా నాన్న పద్దెనిమిదేళ్ళు ఎక్కువ ఉంచుకున్నాడక్కా. లెక్కప్రకారం మీ వంతు పద్దెనిమిదేళ్ళు" అన్నాను.

"అన్నేండ్లు నేనుంటనా? ఒక్క ఏడు చాలు. వచ్చే మిరుగానికి నేనే పాలకొల్లుకు తెస్త. మీ చేప ఎట్లుంటదో సూస్త."

"మా చేప కావాలంటే శ్రావణంలో రావాలి."

"మిరుగం మిరుగమే. మిరుగం నాడే వస్త" అంది. గుస్సా మనిషే.

కూర ఇద్దరం కలిసి వండాం. చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర చిన్న యుద్ధం జరిగింది. ఆమె పులుపు తగ్గించమంటుంది, నేను పెంచమంటాను. చింతపండు పెట్టాల్సింది చేపకే గాని రూపాయికి కాదని మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం. మూడు కంచాలు పెట్టింది. మూడోది ఎవరికని నేను అడగలేదు. తిన్నాక అందులోది చెరిసగం పంచుకున్నాం.

మళ్ళీ పాలకొల్లు

బండి ఎక్కేముందు జగదీశ్వర్ గారికి ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆయన, "అమ్మా, గిప్పుడు దాని ధర నలభై అయింది. గా రెండో చిట్టీ సుత ఉంటే!" అన్నాడు. అమ్మబోమన్నాను. "తెల్సు. ఊకె చెప్పిన. ఆ రైల్వే ఆయన ముచ్చట ఇక్కడ అందరికి నేను చెప్త" అన్నాడు. ఆయన దగ్గర్నుంచి నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "అమ్మేశావా?" అని అడిగింది. డబ్బా ఖాళీగా చూపించి, కూర్చోబెట్టి, మొత్తం చెప్పాను. నేను ఆపేసరికి అమ్మ నాన్న ఫోటో వైపు చూస్తోంది.

"ఆరేళ్ళు చెప్పాడే. రోజూ చెప్పాడు. నేనేమో..." అని చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు విన్నాం కదమ్మా. వచ్చే మిరుగానికి మన వంతు. ఆవిడే తెస్తుంది" అన్నాను.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఏదో గుర్తొచ్చినట్టు కంగారుగా నా చెయ్యి పట్టుకుంది.

"తోమొద్దని చెప్పేవా వాళ్ళకి?"